ఆచారి చేసిన టీపాయ్

కాలవగట్టు ఊళ్ళో ఒక తెలుగు మాస్టారు ఉండేవారు. పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా అటక నిండా పుస్తకాలు. బెజవాడ ఏ పని మీద వెళ్ళినా లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల ముందు గొంతుక్కూర్చుని, రూపాయి దగ్గర బేరం తెగక, ఆఖరి బస్సు కాస్తా పోగొట్టుకుని, తెల్లారి పాలబండి మీద ఇల్లు చేరిన రోజులున్నాయి. ఎండాకాలం సెలవులిస్తే చాలు, మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో ఇంత మైలతుత్తం కలిపి, ఊడిన అట్టలు అతికిస్తూ అరుగు మీద కూర్చునేవారు. ఆ గిన్నె పిల్లల చేతికి అందకుండా కాపలా కాయడం ఆయన భార్య పని.

మాస్టారు పోయారు. ఏడాది తిరిగింది. అటక మీద చెదలు కనిపించాయి.

పెద్దకొడుకు హైదరాబాదులో కొత్త ఫ్లాటు కొన్నాడు. చెడ్డవాడేం కాదు. పుస్తకాలు కాటాకి వేసేద్దామని తమ్ముడంటే, "నాన్నవి రా అవి, మిరపకాయ బజ్జీల పొట్లాలకి ఇస్తామా?" అని కోప్పడ్డవాడు. అయితే ఆ ఫ్లాటులో అటక లేదు. ఇల్లు అలంకరించడానికి పెట్టుకున్న డిజైనరు అమ్మాయి ఫోన్లో బొమ్మలు చూపించింది. పుస్తకాలు దొంతరగా పేర్చి, నడిమధ్య బెజ్జం వేసి, ఇనప ఊచ దూర్చి, పైన గాజుపలక బిగించిన టీపాయ్. అదే పద్ధతిలో ఒక దీపపు స్తంభం. గోడ అలమారలో పుస్తకాలన్నీ వీపులు గోడవైపు తిప్పి, కాగితాల అంచులు మాత్రం బయటికి కనిపించేలా పేర్చిన బొమ్మ ఇంకోటి. "తెలుగు పుస్తకాల అట్టలు మరీ రంగురంగులుగా ఉంటాయి సార్, ఇలా తిప్పి పెడితే అన్నీ ఒకే లేతరంగులో కలిసిపోతాయి" అంది.

పెద్దకొడుక్కి నచ్చింది. నాన్న పుస్తకాలు ఇంట్లోనే ఉంటాయి, పదిమందీ చూస్తారు, పారేశామన్న పాపమూ ఉండదు. పధ్నాలుగు గోనెసంచులు ట్రాలీ ఆటో ఎక్కాయి. వాటి వెనకే అమ్మా వచ్చింది.

"పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకోమని పెంచాం రా నిన్ను. ఇప్పుడేమో ఏకంగా దానిమీద కాళ్ళు చాపుతానంటావు."

"కాళ్ళు పెట్టం అమ్మా, కాఫీ కప్పులు పెడతాం."

"టీపాయ్ మీద కాళ్ళు చాపకుండా నువ్వు టీవీ చూసిందెప్పుడు?"

దానికి కొడుకు దగ్గర జవాబు లేదు. కోడలి దగ్గర నవ్వు ఉంది.

పనికి పిలిచిన వడ్రంగి కూడా ఆ ఊరివాడే. మాస్టారి దగ్గర ఆరో తరగతి చదివి, ఏడో తరగతికి వెళ్ళకుండా ఉలి పట్టి, పట్నం వచ్చి స్థిరపడినవాడు. అందరూ ఆచారిగారనే పిలుస్తారు. ఆయన గోనెసంచులు చూశాడు, ఫోన్లో బొమ్మ చూశాడు, టేపు తీసి గాలిలోనే ఎత్తు కొలిచాడు.

"పదహారంగుళాల ఎత్తు. నాలుగు మూలలా నాలుగు కాళ్ళు. పుస్తకం ఒకటింబావు అంగుళం మందం వేసుకుంటే కాలికి పదమూడు, మొత్తం యాభై రెండు కావాలి. నాకో సాయం చెయ్యాలి బాబుగారూ. మేం పాత ఇళ్ళు పడగొట్టిన కలప కొంటాం. ద్వారబంధాలు, దూలాలు. రంపం పెట్టేముందు ప్రతిదీ చేత్తో తడుముతాం. తాతలనాటి మేకు ఎక్కడో లోపల ఉండిపోతుంది. చూసుకోకుండా కోస్తే రంపం పళ్ళు పోతాయి, ఒక్కోసారి వేళ్ళు పోతాయి. వీటిని కూడా మీరు ఒక్కోటీ విప్పి చూసి, మేకు లేదనుకున్నది నాకివ్వండి. బెజ్జం వేస్తా."

"పుస్తకాల్లో మేకులేంటి ఆచారిగారూ?"

"నాకేం తెలుసు బాబూ, నాది ఆరో తరగతి" అని ఆయన బాల్కనీలోకి వెళ్ళి చిత్రిక సాన పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆదివారం టిఫిన్లయ్యాక చాపేసుకుని నలుగురూ కూర్చున్నారు. గంటలో అయిపోతుందనుకున్నారు. మొదటి సంచిలో మూడో పుస్తకం చక్రపాణి తెలుగు చేసిన శరత్ నవల. విప్పగానే అందులోంచి నెమలీక జారింది. కన్ను చుట్టూ నీలం ఇంకా అలాగే ఉంది గానీ ఈనెకి రెండువైపులా నూగు ఊడిపోయి, ముట్టుకుంటే పొడి రాలేలా ఉంది. దాని కింద పేజీల మడతలో ఎండిన పెన్సిలు చెక్కు, సన్నటి గోధుమరంగు చుట్టలుగా.

ఎనిమిదో తరగతి మనవరాలు చెక్కు వంక చూసి "చెత్త" అంది.

"చెత్త కాదే, మేత" అంది మామ్మ. "నెమలీకకి పెన్సిలు చెక్కు మేతేస్తే పిల్లల్ని పెడుతుందనేవాళ్ళు. కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టాను. యాభై ఏళ్ళయింది, ఒక్కటీ పెట్టలేదు."

ఆ పుస్తకం ఆవిడ ఒళ్ళోకి వెళ్ళిపోయింది. మళ్ళీ చాప మీదికి రాలేదు.

పదో పుస్తకమో, పదకొండోదో, లోపలి అట్ట మీద ఊదారంగు గుండ్రటి ముద్ర. వాళ్ళ పక్క ఊరి శాఖా గ్రంథాలయానిది. వెనక అట్టకి అతికించిన చీటీలో వరసగా తేదీలు, చివరిది 14-8-1979. ఆ తర్వాత చీటీ ఖాళీ. కొడుకు ముద్ర వంక, తల్లి వంక మార్చి మార్చి చూశాడు. ఇంకో సంచి విప్పితే ఇంకో ముద్ర. మధ్యాహ్నానికి అలాంటివి పదకొండు తేలాయి. తమ్ముడికి ఫోన్ చేసి చెబితే అవతల కాసేపు చప్పుడు లేదు, తర్వాత "అందుకేనా నాన్న లైబ్రరీ వీధి తప్పించి చుట్టుతిరిగి వెళ్ళేవాడు!" అన్నాడు. రోజుకి అయిదు పైసల జరిమానా అనుకుని మనవరాలు ఫోన్లో లెక్కగట్టింది. 45 ఏళ్ళకి పుస్తకానికి 820 రూపాయల పైచిలుకు.

"మీ తాతయ్య దొంగ కాదమ్మా, బద్ధకస్తుడు" అంది మామ్మ. "తిరిగిచ్చేలోపు ఇంకోసారి చదువుదామనుకునేవారు."

ఆచారి బాల్కనీలోంచి తొంగిచూసి "ఎన్ని తేలాయి బాబూ?" అన్నాడు.

అప్పటికి తొంభై పుస్తకాలు విప్పారు. మేకు లేనివి ఆరు. మనవరాలు చందమామ బైండు పుస్తకం ముందేసుకుని బోర్లా పడుకుంది. తెలుగు కూడబలుక్కుంటూ చదువుతోంది గానీ బొమ్మ దగ్గర మాత్రం ఆగడం లేదు, తర్వాతి పేజీకి తొందర. కోడలు పెద్దబాలశిక్షలో ఎక్కాలు అప్పజెప్పుకుంటోంది. కొడుకు చేతిలో అట్టలేని డిటెక్టివు నవల. మూడు గంటలైనా అన్నం పళ్ళేలు కడుక్కున్న చోటే బోర్లించి ఉన్నాయి. ఆచారి తన డబ్బా తను విప్పుకుని తినేసి, "వచ్చే ఆదివారం వస్తా" అని వెళ్ళిపోయాడు.

మూడు ఆదివారాలు పట్టింది. పధ్నాలుగు సంచులూ విప్పితే చివరికి మేకు లేనివి ఇరవై ఏడు మిగిలాయి. అవేమిటంటే, పాఠ్యాంశాలు ఎప్పుడో మారిపోయిన పదో తరగతి గైడ్లు, పబ్లిషర్లు బడికి పంపిన, "ఉచిత ప్రతి" అని ముద్ర పడ్డ వ్యాకరణ అభ్యాస పుస్తకాలు, పాత టెలిఫోన్ డైరెక్టరీ, ఆదాయపన్ను చేతిపుస్తకాలు, ఎవరో నాయకుడికి ఏ ఊళ్ళోనో జరిగిన సన్మానసభ తాలూకు సన్మాన సంచికలు తొమ్మిది. తొమ్మిదీ ఒకటే సంచిక. నిండా ఆయన ఫోటోలు, ఆయన మీద పద్యాలు. మాస్టారి చేత కూడా ఒక పద్యం రాయించారో ఏమో అని మనవరాలు పేజీలన్నీ వెతికింది. లేదు. అందరికీ ఊపిరి తిరిగింది.

ఆచారి ఆ ఇరవై ఏడింటిలో ఇరవై ఆరు తీసుకుని డ్రిల్లు పెట్టాడు. చెక్కకైతే చుట్టలు చుట్టలుగా పొట్టు లేస్తుంది. కాగితానికి తెల్లటి పిండి లేచింది, కాసేపటికి కమురు వాసన కూడా. మధ్యలో రెండుసార్లు ఆపి ములుకు చల్లారబెట్టుకోవాల్సి వచ్చింది. "దగ్గరికి బిగిస్తే కాగితం టేకుని మించిపోతుంది బాబూ" అన్నాడు. రెండు కాళ్ళు తయారయ్యాయి. మిగతా రెండు కాళ్ళూ మామిడి చెక్కతో చేశాడు. మిగిలిన ఒక్క గైడూ ఊగుతున్న ఫ్రిజ్ కింద కుదురుకుంది.

గాజుపలక బిగించాక డిజైనరు అమ్మాయి వచ్చి చూసింది. రెండు కాళ్ళు కాగితం, రెండు కాళ్ళు కొయ్య. "ఇలా అనుకోలేదు గానీ, ఇదే బావుంది సార్" అంది. బహుశా నిజమే చెప్పింది.

ఆ రాత్రి అందరూ టీవీ ముందు కూర్చున్నారు. కొడుకు అలవాటుగా కాళ్ళు చాపబోయి, తల్లిని చూసి మడుచుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, గాజుపలక కిందనుంచి కనిపిస్తున్న సన్మాన సంచికల దొంతర వంక ఓసారి చూసి, రెండు కాళ్ళూ తీసి నిక్షేపంగా టీపాయ్ మీద పెట్టింది.

*

నీతి: విప్పి చూడనిదే బెజ్జం వెయ్యకు.

ఈ కథ చెప్పినప్పుడల్లా సగంమంది "పుస్తకాలతో సామాను చేయకూడదు" అన్నది నీతి అనుకుంటారు. కాదు. అలాగైతే ఆచారి పని ఒప్పుకునేవాడే కాదు, ఆ పెద్దావిడ కాళ్ళు చాపేదీ కాదు. అచ్చయిన ప్రతి కాగితమూ సరస్వతే అనడం భక్తి కావచ్చు గానీ, ఆ లెక్కన మన ఇళ్ళలో టెలిఫోన్ డైరెక్టరీకి కూడా పసుపు కుంకాలు పెట్టాలి. పుస్తకం వయసైపోవడం తప్పు కాదు. పోయిన ఏటి ఆదాయపన్ను రేట్లు చెప్పే పుస్తకం ఈ ఏడు దీపం మోస్తే అది దానికి మేలైన ఉద్యోగమే. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్ప గ్రంథాలయపు బల్ల ఒకటుంది. దాన్ని పాత పుస్తకాలు దొంతర్లుగా పేర్చే కట్టారు. రోజంతా పుస్తకాల మధ్య బతికేవాళ్ళే ఆ పని చేశారన్నది చూడాలి. ఏది చదవదగ్గదో, ఏది మొయ్యదగ్గదో వాళ్ళకి తెలుస్తుంది.

నా గొడవంతా విప్పకుండానే తేల్చేసే చూపుతోనే. అదేం కొత్త జబ్బు కాదు. అట్టలు, శీర్షికలు చూసుకుని మురిసిపోతూ, భోజనాల గదికి సింగారంగా గ్రంథాలు కొనేవాళ్ళని రోములో సెనెకా రెండువేల ఏళ్ళ కిందటే ఎత్తిపొడిచాడు. న్యూయార్కులో స్ట్రాండ్ అనే పేరున్న పుస్తకాల దుకాణం ఇప్పటికీ పుస్తకాలని అడుగుల లెక్కన అమ్ముతుంది. రంగు చెప్పు, ఎన్ని అడుగులో చెప్పు, సినిమా సెట్టుకో హోటలు గోడకో సరిపడా పంపిస్తారు. మనకి నవ్వొస్తుంది. కానీ మనం కిలోల లెక్కన అమ్ముతాం. కాటా ఎక్కినప్పుడు గైడూ, గాథాసప్తశతీ ఒకటే ధర. అడుగుకీ కిలోకీ పెద్ద తేడా ఉందని నేననుకోను, రెండింటిలోనూ విప్పి చూడరు.

అలంకారమే కావాలనుకుంటే దాంట్లోనూ నిజాయితీ ఉంది. గ్యాడ్స్ హిల్ ఇంట్లో చార్లెస్ డికెన్స్ తన చదువుగది తలుపు నిండా ఉత్తుత్తి పుస్తకాల వీపులు అతికించుకున్నాడు. వాటికి తనే నవ్వు పుట్టించే పేర్లు పెట్టాడు. చూడ్డానికి అలమార, తోస్తే తలుపు. ఒక్క పుస్తకం ప్రాణమూ పోలేదు. వీపులు గోడకి తిప్పి పెట్టే ఫ్యాషను కంటే ఇది నూరురెట్లు నయమనిపిస్తుంది నాకు. అక్కడ లేని పుస్తకానికి పేరుంది, ఇక్కడ ఉన్న పుస్తకానికి పేరు లేదు.

మన పాతవాళ్ళ పద్ధతి ఒకటి పెద్దలు చెప్పగా విన్నాను. తాటాకు గ్రంథం జీర్ణమైపోతే, కొత్త తాటాకుల మీద దాన్ని మళ్ళీ రాయించుకున్నాకే పాతదాన్ని నీళ్ళలో కలిపేవారట. అంటే వదిలేసేముందు చివరికంటా ఓసారి చదవక తప్పదు. కడపలో సి.పి. బ్రౌన్ పండితుల్ని జీతాలకి పెట్టి రాయించిందీ అలాంటి పనే. చిల్లులు పడ్డ తాళపత్రాల్ని ఒకదానితో ఒకటి పోల్చి, శుద్ధప్రతి రాయించి, వేమన పద్యాల్ని 1829లో అచ్చువేశాడు. ఆ రోజున ఎవరైనా ఆ కట్టల బరువు మాత్రమే చూసి ఉంటే అవి పొయ్యిలోకి బాగా పనికొచ్చేవి. తాటాకు బాగా మండుతుంది.

చేసేవాళ్ళకి రెండు మూడు పనికొచ్చే మాటలు చెప్పి ఊరుకుంటాను, ఆచారి దగ్గర నేర్చుకున్నవి కొన్ని, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి కొన్ని. అనుమానం ఉన్న పుస్తకానికి ఊచ వద్దు, జిగురు అసలే వద్దు. మంచానికి అల్లే నవ్వారు చాలు. నాలుగువైపులా బిగించి కడితే దొంతర రాయిలా నిలుస్తుంది, కావాలనుకున్న రోజు ముడి విప్పుకోవచ్చు. పెద్ద పెద్ద సంపుటాలకి అడ్డంగా పడుకోవడం హాయే. నిలబెడితేనే వాటి బరువుకి వాటి వీపే విరుగుతుంది. కిటికీ పక్కన మాత్రం పెట్టకండి. చవక కాగితంలో చెక్కగుజ్జు తాలూకు లిగ్నిన్ ఉండిపోతుంది, వెలుతురు తగిలితే పచ్చబడి, ఎర్రబడి, అప్పడంలా విరుగుతుంది. నేలకి ఆనించకండి. మా కోస్తావాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు, చెద ఇంటిపేరు అడిగి రాదు. కింద నాలుగు వేళ్ళ ఎత్తు పీట ఉండాలి.

ఇన్ని చెప్పినవాణ్ణి, నా ఇంటి సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళ కిందట మెడనొప్పి వస్తే, కంప్యూటరు తెర కంటి ఎత్తుకి ఉండాలన్నాడు డాక్టరు. చేతికందిన బరువైనవి తెచ్చి తెర కింద పేర్చాను. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు నాలుగు. బెజ్జం లేదు, జిగురు లేదు, నవ్వారు కూడా లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు కదా అని ధైర్యం. మెడనొప్పి తగ్గింది. వచ్చినవాళ్ళంతా "భలే పెట్టారండీ" అన్నారు. నాకూ భలేగానే ఉండేది.

ఈ కథ రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి పేరాలోనే 'అటక' అన్న మాట పడింది. ఈ మాట ఎక్కడిదో చూద్దామనిపించింది. 'అ' మొదటి సంపుటం. మొదటి సంపుటం అన్నిటికంటే కింద ఉంది. ఫోన్లో వెతికితే పోయేదానికి అని చెయ్యి అటు పోయింది కూడా. రెండేళ్ళలో ఈ నాలుగింటిలో ఏదీ ఒక్కసారైనా విప్పానా అని గుర్తుచేసుకోబోయాను. గుర్తు రాలేదు.

ఫోన్ పక్కన పెట్టి, వైర్లు ఊడకుండా తెరని రెండు చేతులా ఎత్తి మంచం మీద పడుకోబెట్టాను. ఒక్కో సంపుటం దించాను. అన్నిటికంటే కింది దాని అట్ట మీద ధూళి, పై సంపుటం అంచు మేరకి చతురస్రంగా గీత గీసినట్టు ఆగిపోయింది. వీపు కాస్త ఒరిగింది. తెరుస్తుంటే కిర్రుమంది. చొక్కా కొసతో తుడుచుకుంటూ 'అటక' కోసం పేజీలు తిప్పుతున్నాను, ఎక్కడో 'అంగణము' దగ్గర ఆగి చదువుతూ ఉండిపోయాను. లోపల్నుంచి మా ఆవిడ అడుగుతోంది, "కంప్యూటర్ మంచం మీద పడుకుందేంటండీ?"